కాలనీ వైపు తిరగని బస్సు

నేను రిటైరైన రోజు ఆఫీసు మీటింగ్ హాల్లో నాకు శాలువా కప్పారు, పండ్ల బుట్ట చేతికిచ్చారు. తర్వాత ఒకాయన లేచి మైకు అందుకొని, "ఊరి బయట కాలనీకి బస్సు తెచ్చిన మనిషి ఈయనే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలో కూర్చొని బుట్టలోని దానిమ్మపండు వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆయన కావాలని అబద్ధం చెప్పలేదు. నా తర్వాత చాలా ఏళ్ళకు చేరినవాడు. ఫైల్లో నా సంతకం చూశాడు, అంతవరకే ఆయనకు తెలుసు. ఆ బస్సు మూడేళ్ళ పాటు కాలనీకి రాకుండా ఆపింది కూడా ఇదే సంతకమని ఫైల్లో ఎక్కడా ఉండదు. ఫైలు రాసేది మేమే కాబట్టి మా తప్పులు అందులో కనపడవు. ఆ రోజు లేచి నిలబడి చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు ఇలాంటి ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఇక్కడ రాస్తున్నాను.

మాది ఔరాద్ వైపు కుశనూర్. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజార్లో ఉర్దూ. బీదర్ చుట్టుపక్కల ఒక చిన్న ఊరి పురసభలో, అంటే మున్సిపాలిటీలో, కేస్ వర్కర్‌గా పనిచేశాను. ఊరి పేరు రాయను. కేస్ వర్కర్ అంటే గుమాస్తానే, కాకపోతే కొన్ని విషయాల ఫైళ్ళు అతని పేరు మీద నడుస్తాయి. నా పేరు మీద వీధి దీపాలు, రోడ్లు, రవాణా ఉండేవి. రవాణా అంటే అప్పటిదాకా ఆటో స్టాండు గొడవలు తప్ప ఇంకేమీ లేదు.

హైదరాబాద్ పొంగిపోతున్న రోజులవి. అక్కడ జాగా కొనలేని వాళ్ళను సుమోల్లో కూర్చోబెట్టుకొని మా వైపు తీసుకొచ్చేవాళ్ళు. మా ఊరికి తూర్పున బసవకళ్యాణ్ పోయే బస్సులు ఆగే మలుపు ఒకటి ఉంది. దాని పక్కన ఎవరో ఒక పెద్ద లేఅవుట్ వేశారు. సిమెంటు కమాను, రంగు జెండాలు, తెల్ల సున్నం పూసిన రాళ్ళు. ఆ రాళ్ళ మధ్య కంది చేను ఇంకా కోయనే లేదు. మనుషులు లేరు, ఇళ్ళు లేవు. కానీ కమాను పక్కన నిలబెట్టిన బోర్డు మీద పార్కు ఉంది, బడి ఉంది, ఎర్ర బస్సు కూడా ఉంది.

ఆ సుమోలు ఊళ్ళోంచి సాఫీగా పోవాలంటే మురిక్కాలువ పక్కన రోడ్డు వెడల్పు చేయాలన్నారు. అక్కడ గుడిసెలు వేసుకొని ఎన్నో ఏళ్ళుగా బతుకుతున్న వాళ్ళున్నారు. నారాయణఖేడ్ నుంచి, జహీరాబాద్ నుంచి కూలికి వచ్చి నిలిచిపోయిన తెలుగువాళ్ళే సగం మంది. వాళ్ళను కొల్హార్ ఫ్యాక్టరీలకు పోయే రోడ్డు మీద, ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల, సర్కారు కట్టించిన ఒంటి గది ఇళ్ళలోకి మార్చాలి. వాళ్ళు మేం కదలం అన్నారు. మా పై అధికారి నన్ను పిలిచి, "నీకు తెలుగు వచ్చు కదా, నువ్వు చెప్పు" అన్నాడు.

నేను చెప్పాను. లారీ వెనక మెట్టు మీద నిలబడి, చేతులు తిప్పుతూ చెప్పాను.

"బస్సు ఏస్తరా సారూ?" అని ఒక ముసలాయన అడిగాడు.

"మీకన్నా ముందే బస్సు వస్తది" అన్నాను.

నాకు ఆ మాట ఎవరూ ఇచ్చి పంపలేదు. నోటికి వచ్చింది, అన్నాను. మన తెలుగు సారు చెప్పిండని వాళ్ళు సామాన్లు ఎత్తుకున్నారు.

అలా ఎత్తుకున్న వాళ్ళలో మా ఆఫీసు ఊడ్చే అక్క కూడా ఉంది. మాకు చాయ్ ఇచ్చేది కూడా ఆమే. భర్త లేడు, ఒక్క బిడ్డ. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆ పిల్లకు ఎడమ కాలు సన్నబడిపోయింది, ఇనుప పట్టీల బూటు వేసుకొని నడిచేది. ఆ ఏడాది పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. ఊళ్ళోని కాలేజీలో సీటు కూడా వచ్చింది. ఆ మిఠాయి మేమందరం తిన్నాం. జూన్‌లో కాలేజీ మొదలవుతుంది. ఆరు కిలోమీటర్లు ఆ కాలితో రోజూ నడవడం ఆ పిల్ల వల్ల కాదు. కొల్హార్ ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయే ఆటోల్లో మనిషి మీద మనిషి కూర్చునేవాళ్ళు. ఆ పిల్లను చూసి, "ఆ బూటుకు ఇంకో మనిషి జాగా పడ్తది" అని ఆటోవాళ్ళు ఎక్కించుకునేవాళ్ళు కాదు. కాబట్టి జూన్ లోపల బస్సు రావాలి. రాకపోతే సీటు పోతుంది. అక్కకు కావలసింది అంతే, నాకది బాగా తెలుసు. ప్రతి రోజూ నా బల్ల కింద ఊడుస్తూ అడిగేది.

"బస్సు యాడిదాక వచ్చింది సారూ?"

"ఫైలు నడుస్తాంది అక్కా."

"ఫైలన్న నడుస్తాంది గద" అని నవ్వేది.

ఆ ఎండాకాలం పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. ప్రతి పురసభా తన ఊరి వాళ్ళు పనికి, బడికి, ఆసుపత్రికి ఎలా పోతున్నారో సర్వే చేసి, ఎవరికి దారి లేదో చూసి, ఒక యోజన, అంటే ప్రణాళిక, తయారు చేసి పంపాలి. దాన్ని బట్టి డిపో వాళ్ళు ఊళ్ళో తిరిగే బస్సులు ఇస్తారు. మా ఊరికి రెండు బస్సులు. ఉత్తరం మంచిదే. ఎవరో ఆలోచించి రాసిందే. దానితో పాటు వచ్చిన నమూనా మాత్రం ఇంకెవరో ఆలోచించకుండా రాశారు. అందులో నాలుగు గడులు: స్టాపు పేరు, సమయం, ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు. అంటే స్టాపు ఉన్నచోటనే మనుషుల్ని లెక్కపెట్టాలి. మనుషులు లెక్కకు వచ్చిన చోటనే స్టాపు ఇస్తారు. కాలనీకి స్టాపు లేదు కాబట్టి లెక్క లేదు, లెక్క లేదు కాబట్టి స్టాపు లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కాగితం తలచుకుంటే నా ఒళ్ళు మండుతుంది. అయితే ఆ కాగితం అడుగున "ఇతర వివరాలు" అని మూడు వేళ్ళ వెడల్పు ఖాళీ జాగా ఉండేది. అది నాలాంటి వాడి కోసమే పెట్టారు. అందులో నేను ఒక్క అక్షరం రాయలేదు. కాబట్టి కాగితాన్ని తిట్టే హక్కు నాకు సగమే ఉంది.

సర్వేకు మా జూనియర్ ఇంజనీరు, నేను, జీపు డ్రైవరు వెళ్ళాం. ఇంజనీరు మైసూరు వైపు కుర్రవాడు. మా ఎండలు, మా ఉర్దూ ఏవీ అతనికి పడేవి కావు. ఎప్పుడు బదిలీ వస్తుందా అని చూస్తుండేవాడు. డ్రైవరు ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, మాటలో దయ ఉండదు కానీ మనసులో ఉండేది. జీపు మాకు మంగళవారం ఖాళీగా దొరికింది. అందుకని మంగళవారం బయల్దేరాం.

కొల్హార్ రోడ్డు ఎక్కగానే డ్రైవరు బండి నెమ్మది చేశాడు.

"సాబ్, ఇయ్యాల మంగళవారం. కొల్హార్ల కరెంటు చుట్టి. ఫ్యాక్టరీలన్ని బంద్. ఎవర్ని లెక్కపెడ్తరు, కుక్కలనా?"

మా వైపు వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. అప్పట్లో ఫ్యాక్టరీలకు వారంలో ఒక రోజు కరెంటు ఇచ్చేవాళ్ళు కాదు. ఆదివారం పనిచేసి ఆ రోజు సెలవు తీసుకునేవాళ్ళు. ఆ రోజు రోడ్డు మీద ఆటో కూడా కనపడదు. నేను ఆ వైపు పుట్టినవాణ్ణి, నాకు తెలియక కాదు. ఇంజనీరుకు కన్నడంలో చెప్పాను కూడా.

"మంగళవారం వద్దని నమూనాలో ఉందా?" అన్నాడు.

"లేదు సార్."

"మరి పోనియ్యి."

అలా పోయి కాలనీకి తిరిగే, షిఫ్టు ఆటోలు ఆగే మలుపు దగ్గర చాయ్ హోటల్లో కూర్చున్నాం. కాలనీ అక్కణ్ణుంచి అర కిలోమీటరు లోపలికి. ముందు రోజు వాన పడింది, దారంతా జిగట మట్టి. జీపు దిగబడుతుందని డ్రైవరు అన్నాడు, అది నిజమే. నడవొచ్చు. నేను నడవలేదు. ఎందుకో చెబితే నవ్వుతారు. బామ్మర్ది పెళ్ళికని కొన్న కొత్త చెప్పులు వేసుకొని వచ్చాను. ఒక కాలనీ మొత్తానికి మూడేళ్ళు బస్సు లేకపోవడం వెనక పెద్ద కుట్ర ఉంటుందని మీరు అనుకోవచ్చు. కుట్ర చేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ సంగతి తర్వాత చెబుతాను. నా వంతు మాత్రం ఒక జత చెప్పులు.

పది గంటలకు మొదలుపెట్టి రెండు చాయ్‌లు తాగి, పదకొండున్నరకే సాయంత్రం ఐదింటి దాకా ఉన్న గడులన్నీ నింపేశాను. ఎక్కినవాళ్ళు సున్నా. దిగినవాళ్ళు సున్నా.

మధ్యాహ్నం తూర్పు మలుపుకు పోయాం. అక్కడ నిజంగానే మనుషులున్నారు. బసవకళ్యాణ్ పోయే బస్సు కోసం మూటలతో, పిల్లలతో రోడ్డు పక్కన నిలబడ్డారు. ఇంజనీరు వాళ్ళందరినీ లెక్కపెట్టి, స్టాపు పేరు గడిలో లేఅవుట్ పేరు రాయమన్నాడు.

"వీళ్ళు లేఅవుట్ వాళ్ళు కాదు సార్."

"స్టాపు ఎక్కడుంది? లేఅవుట్ ముందే కదా?"

రాశాను. ఆ లేఅవుట్ వేసినవాళ్ళలో మా పురసభ అధ్యక్షుడి దగ్గరి బంధువు ఒకడున్నాడని ఊరంతా అనుకునేది. ఇంజనీరుకు ఎవరు ఏం చెప్పారో నాకు తెలియదు. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఎవరూ బెదిరించలేదు. ఇప్పటికీ నన్ను కాల్చేది అదే. బెదిరింపుకు లొంగిన మనిషినైతే నన్ను నేను కొంచెం క్షమించుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున్న నేను ఆఫీసుకు వచ్చేసరికి అక్క నా బల్ల దగ్గర నిలబడి ఉంది.

"నిన్న వస్తరని కూసున్నం సారూ. మిల్లు గూడ బందుంటదని ఆడోళ్ళందరు రేషన్ కార్డులు పట్టుకొని కూసున్నరు. పొద్దుమీకే దాక చూసినం."

"వచ్చినం అక్కా. మలుపు దగ్గర్నే లెక్క అయిపోయింది."

"మలుపు కాడ మేమెవ్వరం లేకుంటిమి గద."

"లెక్క అట్లనే ఉంటది."

ఆమె సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసింది. పాత క్లాసు పుస్తకం, అట్టకు వార్తాపత్రిక కాగితం తొడిగి ఉంది.

"మా బిడ్డ రాసింది. ఎవరు ఏ యాళ్ళకు పోతరు, యాడికి పోతరు, ఎట్ల పోతరు, అన్ని రాసింది. మూడు దినాలు గడప కాడ కూసోని రాసింది. మీకు అక్కరకొస్తదని."

తెరిచి చూశాను. గుండ్రటి కన్నడ అక్షరాలు, స్కేలుతో కొట్టిన గీతలు. పొద్దున ఐదు గంటలు, హైదరాబాద్ రైలుకు, కూలిపనికి, నడిచి. ఐదున్నర, కొల్హార్ పప్పు మిల్లుకు, నడిచి. ఆరు, ఊళ్ళో ఇళ్ళలో పాచిపనికి, నడిచి. ఏడు, నెలలు నిండిన ఆమె, ఆసుపత్రికి, అరువు సైకిల్ మీద. పది పేజీలు అలా ఉన్నాయి. మేము పదింటికి మొదలుపెట్టే సమయానికి కాలనీలో బయటికి పోయే మనిషి మిగిలి ఉండడు. చివరి వరుసలో తన సంగతి రాసుకుంది. తొమ్మిది గంటలు, కాలేజీకి, ఇంకా పోవడం లేదు.

నా ఉద్యోగంలో నేను చూసిన సర్వేలన్నిటిలో అంత బాగా చేసింది ఇంకొకటి లేదు. పదహారేళ్ళ పిల్ల చేసింది. ఇంజనీరుకు చూపించాను. రెండు పేజీలు తిప్పి, "బాగుంది. కానీ ఇది పెడితే మనం మళ్ళీ సర్వేకు పోవాలి. నమూనాలో కూడా లేదు" అని తిరిగి ఇచ్చాడు. నేను దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఇక సభ రోజు. యోజన మంజూరు కోసం మెంబర్లంతా కూర్చున్నారు. అధ్యక్షుడు పక్కన ఇంజనీరు, వెనక బల్ల మీద నేను. మొదటి బస్సు ఊరి లోపల, రెండో బస్సు చౌరస్తా నుంచి తూర్పు లేఅవుట్ దాకా అని ఇంజనీరు చదివాడు. కాలనీ వార్డు మెంబరు లేచాడు. పెద్దమనిషి, ఎక్కువ మాట్లాడడు.

"కాలనీ లెక్క ఎంత?"

"సున్నా" అన్నాడు ఇంజనీరు.

"అంతమందిని అక్కడికి తోలింది మనమే. సున్నా ఎట్లయితది? మీరు కాలనీ లోపలికి పోయిన్రా లేదా, అది చెప్పండి."

ఇంజనీరు నా వైపు చూశాడు. అధ్యక్షుడు చిరాకుగా, "కేస్ వర్కర్ చెప్పాలి. వెళ్ళారా, లేదా?" అన్నాడు.

నేను లేచాను. సొరుగు తాళం చెవి నా జేబులోనే ఉంది. మీటింగ్ హాలుకు నా బల్లకు మధ్య ఒక గోడ అడ్డం. పోయి తెచ్చి, ఇదిగో అని పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. సరిగ్గా అప్పుడే అక్క చాయ్ గ్లాసుల పళ్ళెంతో తలుపు దగ్గరికి వచ్చింది.

"వెళ్ళాం సార్. ఆ వైపు ప్రయాణికులు లేరు" అన్నాను.

కన్నడంలోనే అన్నాను. అయితే ఏం, ఆఫీసులో అన్నేళ్ళు పనిచేసిన మనిషికి ఆ పాటి కన్నడం రాదా? ఆమె లోపలికి వచ్చి వరుసగా అందరికీ చాయ్ ఇచ్చింది. నాకు కూడా ఇచ్చింది. కాలనీ మెంబరు ఒక్కడే గ్లాసు ముట్టుకోలేదు. యోజన మంజూరైంది.

జూన్‌లో చౌరస్తా దగ్గర బస్సుకు అరటి పిలకలు కట్టి, కొబ్బరికాయ కొట్టి పంపించారు. కొల్హార్ రోడ్డు ఎడమకు, లేఅవుట్ కుడికి. కాలనీ ఆడవాళ్ళు కొందరు పనికి పోతూ పోతూ చూద్దామని ఆగారు. బస్సు కుడికి తిరిగింది.

అది రోజుకు ఆరు సార్లు కుడికి తిరిగేది. రాళ్ళ మధ్యకు పోయి, కమాను నీడలో ఆగి, కండక్టరు ఒక కునుకు తీశాక తిరిగి వచ్చేది. ఎప్పుడూ ఎక్కే ప్రయాణికుడు ఒక్కడే, లేఅవుట్ కావలివాడు. కొత్తగా అచ్చు వేసిన రంగు కాగితాల్లో మాత్రం మా బస్సు ఫోటో వచ్చింది. నిజం బస్సు, నిజం నంబరు. దాన్ని చూపించి హైదరాబాద్‌లో ఎంతమందికి ఆ రాళ్ళు అంటగట్టారో ఎవరికి తెలుసు. జనం కోసం వచ్చిన యోజన, జనం సొమ్ముతో తిరిగే బస్సు, ఒకడి రంగు కాగితానికి బొమ్మ అయ్యింది. ఆ బొమ్మ గీసి ఇచ్చింది మేము.

ఆ పిల్ల జూన్‌లో కాలేజీకి నడవడం మొదలుపెట్టింది.

నేను ఒక్కసారే చూశాను. మేము కొల్హార్ నుంచి జీపులో వస్తున్నాం. ఊరికి ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా మోరీ గోడ మీద కూర్చొని బూటు పట్టీ వదులు చేసుకుంటోంది. పట్టీ కింద గుడ్డ చుట్టి ఉంది. డ్రైవరు నన్ను అడక్కుండానే బండి ఆపాడు.

"ఎక్కు బేటీ."

ఆ పిల్ల లేచి నిలబడింది. "రోజు వస్తరా అంకుల్?"

డ్రైవరు ముందు రోడ్డు వైపు చూశాడు.

"మీరు పోండి. ఒక్క దినం ఎక్కితే రేపు నడువబుద్ధి కాదు."

ఆ పిల్ల నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. బండి కొంత దూరం పోయాక డ్రైవరు అన్నాడు, "ఆ దినం కుక్కలనన్న లెక్కపెట్టి రాయాల్సి ఉండె సాబ్. స్టాపు వచ్చేది."

దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల కాలేజీకి పోలేదు. పట్టీ ఒరుసుకొని కాలు పుండు పడిందని, డాక్టరు నడవద్దన్నాడని ఎవరో చెప్పారు. అక్క నాతో ఆ మాట అనలేదు. బస్సు యాడిదాక వచ్చిందని అడగడం ఎప్పుడో మానేసింది. ఒక రోజు బల్ల కింద ఊడ్చి, చీపురు పక్కన పెట్టి నిలబడింది.

"సారూ, ఆ నోటు పుస్తకం ఉంటే ఇయ్యిండ్రి. అందుల ఇంక కాగితాలు మిగిలినయి. బిడ్డకు అక్కరకొస్తయి."

సొరుగు తాళం తీసి ఇచ్చాను. ఆమె పుస్తకం మీది దుమ్ము కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది అని ఇలాంటి కథల్లో రాస్తుంటారు. నేను అలా రాయను. ఆమె తిట్టనందుకు ఆ రోజు నాకు హాయిగానే అనిపించింది. అంత చవకగా బయటపడ్డానని అనుకున్నాను. సిగ్గు రావడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది.

మరుసటి ఏడాది యోజన సవరించి పంపమని ఇంకో ఉత్తరం వచ్చింది. ఇంజనీరుకు అప్పటికే బదిలీ వచ్చి, సంతోషంగా వెళ్ళిపోయాడు. కొత్తవాడు ఇంకా రాలేదు. డ్రైవరు నా బల్ల దగ్గరికి వచ్చి, "మళ్ళ మంగళవారం పోదమా సాబ్?" అని అడిగాడు. ముఖంలో నవ్వు లేదు. మధ్యాహ్నం సెలవు పెట్టి, కొల్హార్ పోయే ఆటోలో మలుపు దగ్గర దిగి, ఆ అర కిలోమీటరు నడిచాను. ఎనిమిది నిమిషాలు పట్టింది.

అక్క ఇంటి గడపలో ఆ పిల్ల కుట్టుమిషను ముందు కూర్చొని ఉంది. కుడి కాలితో తొక్కుతోంది. పక్కన పీట మీద ఆ నోటు పుస్తకమే. చేతికి తీసుకున్నాను. ముందు పది పేజీలు అలాగే ఉన్నాయి. తర్వాతి పేజీల్లో అవే గుండ్రటి అక్షరాలు, అవే స్కేలు గీతలు. జబ్బ ఇంత, నడుము ఇంత, చెయ్యి ఇంత. జాకెట్ల కొలతలు.

"ఆ ముందు పేజీలు నాకు కావాలి బిడ్డా. ఈసారి ఫైల్లో పెడతా."

"అవి పాతగైనయి సార్. రాసిన వాళ్ళల్ల సగం మంది హైదరాబాద్‌ల్నే ఉండిపోయిన్రు. నెలలు నిండిన ఆమె కొడుకు నడుస్తుండు." దారం పళ్ళతో కొరికింది. "మళ్ళ లెక్కపెట్టుకోండి. ఐదింటికి రావాలె మరి. పదింటికి కాదు."

వారం రోజులు ఐదింటికి పోయాను. మంగళవారం కూడా పోయాను, రెండు లెక్కల తేడా పక్కపక్కన చూపించడానికి. ఆ పిల్ల గడపలో మిషను దగ్గర కూర్చొని, పోయే ప్రతి మనిషినీ పిలిచి నాకు చెప్పించింది. "అన్నా, సారుకు చెప్పి పో, యాడికి పోతున్నవో." కొందరు చెప్పారు. ఒకాయన, "పోయినసారి సున్నా రాసిండట గద, ఇప్పుడు నాకు ఏ నంబరు ఇస్తడు?" అని నవ్వుకుంటూ పోయాడు.

మొదటి రోజే ఒక చోట ఆగిపోయాను. "నడిచి పోయే వాళ్ళకు ఈ నమూనాలో గడి లేదు" అన్నాను. అలవాటు, ఇంకేం.

"గీత కొట్టుకోండి సార్" అని తన కుట్టుపని స్కేలు అందించింది.

గీత కొట్టాను. ఐదో గడి వచ్చింది. మొదటి సర్వే రోజు కూడా అంత సులువుగానే వచ్చేది.

కానీ నేను మంచివాణ్ణి అయిపోయానని అనుకోకండి. కొత్త యోజన మొదటి పేరాలో, పాత లెక్క ఎందుకు తప్పిందో రాయాల్సి వచ్చింది. మేము లోపలికి పోలేదని, గడులు చాయ్ హోటల్లో నింపామని, సభలో నేను చెప్పింది అబద్ధమని రాయాలి. "పరిస్థితులు మారినందున" అని రాశాను. ఏ పరిస్థితీ మారలేదు. అవే ఇళ్ళు, అదే రోడ్డు, అదే ఐదు గంటలు. ఆ రెండు మాటలు చదివే నేను రిటైరైన రోజు ఆయన మైకులో నన్ను పొగిడాడు.

ఆ కాగితాలను లేఅవుట్ వాళ్ళు ఇంకా ఏడాదిన్నర కదలనివ్వలేదు. నన్ను కొంతకాలం బసవకళ్యాణ్ వేశారు. కాలనీ మెంబరు ప్రతి సభలో లేచి అదే ప్రశ్న అడిగేవాడట. చివరికి డిపో వాళ్ళే, కండక్టరుకు టిక్కెట్లు తెగడం లేదని విసిగి, బస్సును ఎడమకు తిప్పారు. నా యోజన చూసి తిప్పారో, వాళ్ళ విసుగుతో తిప్పారో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

మొదటి రోజు కొబ్బరికాయ లేదు, అధ్యక్షుడు లేడు. నేను తిరిగి పాత ఆఫీసుకు వచ్చి వారమే అయింది. చౌరస్తాలో ఎక్కి కాలనీ దాకా పోయి, అదే బస్సులో వెనక్కి తిరిగాను. కాలనీలో అందరితో పాటు ఆ పిల్ల కూడా ఎక్కింది. మెట్టు ఎత్తుగా ఉంది. ముందు మూట లోపల పెట్టి, కమ్మీ పట్టుకొని, బూటు కాలు తర్వాత లాక్కుంది. నన్ను చూసి నమస్తే పెట్టి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు వచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

"కాలేజీ, ఒకటి."

నా గుండె ఎంత తేలికైందో చెప్పలేను. మళ్ళీ చేరింది కాబోలు అనుకున్నాను. మూడేళ్ళ తప్పు టిక్కెట్టు ముక్కతో తీరిపోయిందని ఆ పది నిమిషాలు నమ్మాను. మనిషి తనను తాను ఎంత త్వరగా మాఫీ చేసుకుంటాడో చూడండి.

కాలేజీ ముందు బస్సు ఆగింది. ఆ పిల్ల దిగింది. గేటు దగ్గర నలుగురైదుగురు అమ్మాయిలు ఎదురుచూస్తున్నారు. మూట విప్పి, మడత పెట్టిన తెల్ల జాకెట్లు ఒక్కొక్కటి ఎవరిది వాళ్ళకు అందించింది. కాలేజీ యూనిఫారం జాకెట్లు. ఒకమ్మాయి అక్కడే భుజానికి ఆనించి చూసుకొని, చెయ్యి కొంచెం బిగుతుగా ఉందని చెప్పింది. ఆ పిల్ల సంచిలోంచి నోటు పుస్తకం తీసి రాసుకుంది.

గంట కొట్టారు. అమ్మాయిలు జాకెట్లతో లోపలికి పరుగెత్తారు. ఆ పిల్ల ఖాళీ గుడ్డ మడిచి చంకన పెట్టుకొని, రోడ్డు దాటి, తిరుగు బస్సు కోసం నిలబడింది.